ఆకుల బండిలో ఆఫ్రికా

అడవుల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యానని తెలియగానే ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న, "పులిని చూశారా?" అని. చూడలేదు నాయనా. చూసి ఉంటే నాకూ కాస్త గౌరవంగానే ఉండేది. నా సర్వీసు మొత్తంలో నన్ను నిలువునా వణికించిన జంతువు దుప్పి. ఒంటి నిండా చుక్కలతో, బెదురు కళ్ళతో, చిన్నపిల్లలు చూసి చప్పట్లు కొట్టే దుప్పి. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న మీకు ఈ సంగతి పనికొస్తుందో లేదో చెప్పలేను. నవ్వుకోవడానికైనా పనికొస్తుంది. ఆ రోజు మాత్రం నేను నవ్వలేదు.

అరవైల మొదట్లో మాట. బోగోలు నుంచి సముద్రం వైపు పోతే, సరుగుడు తోటలు దాటాక, ఇసుక నేలలో ముళ్ళకంచె వేసిన చిట్టడవి ఒకటి ఉండేది. బడిపిల్లలకు అడవి జంతువుల గురించి నేర్పడానికి పెట్టిన చిన్న అభయారణ్యం అది. అభయారణ్యం అన్న మాట కాయితాల్లోనే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా దాన్ని జింకల దొడ్డి అనేవాళ్ళు. ముప్పై దాకా దుప్పులు, పదో పన్నెండో కృష్ణజింకలు, ఎన్నిసార్లు లెక్కపెట్టినా తేడా వచ్చే నెమళ్ళు, ఒక ముసలి అడవిపంది, గుంటలో ఒక కొండచిలువ. కొండచిలువ ఎప్పుడో గాని కదిలేది కాదు. అది కదిలిన రోజు వచ్చిన పిల్లలు అదృష్టవంతులు.

నేను అక్కడ టెంపరరీ వాచర్ని. ఎస్సెస్సెల్సీ పాసైనవాణ్ణి కాబట్టి పిల్లలకు పాఠం చెప్పే పని కూడా నాదే. ఆ పాఠాన్ని నాకంటే ముందున్న ఎవరో ఒక అట్టమీద రాసిపెట్టి పోయారు. మూడేళ్ళపాటు వారానికి రెండు బళ్ళ చొప్పున అదే పాఠం చెప్పి చెప్పి, నిద్రలో లేపి అడిగినా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే స్థితికి వచ్చాను. మధ్యలో ఎవరన్నా ఆపితే మాత్రం మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సిందే.

నాతో పాటు అక్కడ ఇంకొకాయన ఉండేవాడు. యానాదుల పెద్దాయన. యాభై ఏళ్ళుంటాయేమో, నాకప్పుడు ఇరవై నాలుగు కాబట్టి ఆయన నాకు పెద్దాయనే. కంచె వేసిన రోజునుంచి అక్కడే రోజుకూలీ మీద ఉన్నాడు. ఏ దుప్పి ఎప్పుడు ఈనింది, ఏ జింకకు కాలు నొప్పి, ఏ పొదలో నెమలి గుడ్లు పెట్టింది, అన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. తెల్లవారగానే తవుడు బుట్ట నెత్తిన పెట్టుకుని కంచెలోపలికి వచ్చి ఒకసారి దగ్గేవాడు. అంతే, పొదల్లోంచి మందంతా వచ్చేసేది. ఈలలు, గంటలు, కేకలు ఏమీ ఉండేవి కావు. ఆ దగ్గే వాటికి గంట. నేనేమో ఖాకీ చొక్కా వేసుకున్నానన్న మదంతో ఆయన్ని "ఏమోయ్" అని పిలిచేవాణ్ణి. ఈ ముక్క రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ ఏడాది ఎండాకాలానికి ముందు మా దొడ్డికి ఒక పర్మనెంటు పోస్టు మంజూరైంది. ఇన్‌ఛార్జి వాచరు పోస్టు. అది నాకు రావాలి. రావాలని నేను ఒక్కడినే అనుకోవడం కాదు, విడవలూరులో ఇంకో ఇల్లు కూడా అనుకుంటోంది. ఆ ఇంటి అమ్మాయిని నాకు ఇస్తామని మాటైంది. కాని ఆ పిల్ల తండ్రి పది ఎకరాల మాగాణి రైతు, మాటలో గట్టివాడు. "టెంపరరీ మొగుడు మాకొద్దబ్బయా. పర్మనెంటు కాయితం తీసుకోని రా, మూర్తం పెట్టుకుందాం" అన్నాడు. మా దొడ్డిలో జింకల కంటే ఆ కాయితమే నాకు ఎక్కువగా కలల్లోకి వచ్చేది.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు మా రేంజరుగారు సైకిలు మీద వగరుస్తూ వచ్చారు.

"ఏమయ్యా, బుధవారం కావలి సాయిబుగారు వస్తుండారు. ఆయన ఆఫ్రికా పోతుండారంట, సింహాల్ని చూసేదానికి. పోయే ముందర అడివి జంతువుల మధ్య ఎట్టా మసులుకోవాల్నో మన కాడ నేర్చుకుంటారంట."

సాయిబుగారు గళ్ళ లుంగీలు, రుమాళ్ళు నేయించి ఓడలకెక్కించే వ్యాపారి. ఆఫ్రికాలో ఆ సరుకు కొనే వర్తకుడు దంపతులిద్దర్నీ రమ్మని, సఫారీ కూడా చూపిస్తానని పిలిచాడట. సాయిబుగారు మా శాఖకు సలహాలిచ్చే జిల్లా సంఘంలో మెంబరు కూడా. రేంజరుగారు గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు.

"పోస్టుకి పేరు రాసి పంపేది నేనే, కాదన్ను. ఆ పేరు చూసి తల ఊపేది మాత్రం ఆ సంఘం. సాయిబుగారు సంతోషంగా పోయినారంటే నీ పని అయినట్టే. లేదంటే నన్నడగొద్దు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే మీరు నమ్మాలి. మా దొడ్డిలో ఉన్న పెద్ద చిక్కు నాకు తెలుసు. బడిపిల్లలు పది గంటలకు వచ్చేసరికి జంతువులన్నీ తవుడు తిని, నీళ్ళు తాగి, పొదల నీడన పడుకుని నెమరేస్తుండేవి. పిల్లలకు చెవుల కొసలు, తోకల చివర్లు చూపించి "అదిగో దుప్పి" అని నమ్మించేవాణ్ణి. పిల్లలు నమ్ముతారు. సింహాల్ని చూడబోయే సాయిబుగారికి తోక చివర చూపిస్తే నా పోస్టు తోక కూడా మిగలదు.

అందుకని నాకొక ఉపాయం తట్టింది. మంగళవారం సాయంత్రం మేత ఆపెయ్యడం. బుధవారం పొద్దున మేత కూడా ఆపెయ్యడం. మే నెల, కంచెలోపల పచ్చగడ్డి పరక లేదు. ఆకలేస్తే అవే పొదలు వదిలి బయటికొస్తాయి, సాయిబుగారు కళ్ళారా చూస్తారు, ఆ తర్వాత కడుపునిండా పెట్టేస్తాం. ఇందులో తప్పేముంది?

పెద్దాయనకు చెబితే బుట్ట కింద పెట్టేశాడు.

"తప్పబ్బయా. ఎవురో చూసేదానికి వీటి కడుపు మాడస్తామా?"

"ఒక్క పూటేగదా!"

"రెండు పూటలు. నువ్వు నిన్న రెండు పూటలు తిన్లేదా?"

"పైవాళ్ళ ఆర్డరు" అని ఒక అబద్ధం ఆడాను. పైవాళ్ళు అంటే పెద్దాయన ఇంక మాట్లాడడని నాకు తెలుసు.

కాసేపు తల గోక్కుని అన్నాడు. "సరే సామీ. మేతంటే ఆపుతా. దగ్గుని ఎట్టా ఆపేది? పొద్దున్నే నాకు దగ్గొస్తాది. నేను దగ్గితే అయి వస్తాయి. వచ్చినాక బుట్ట లేకుండా వాటి మొకం నేను చూళ్ళేను."

"నోట్లో కండువా కుక్కుకో."

నా మాట ప్రకారమే ఆయన బుధవారం తెల్లవారుజామునుంచి కంచె అవతల సరుగుడు చెట్టు కింద, నోట్లో కండువా కుక్కుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుస్తూ కూచున్నాడు. దగ్గు ఆపుకోలేక ఆ నీళ్ళని నేననుకున్నాను.

ఇక నా రెండో ఘనకార్యం వినండి. సఫారీ అంటే జీపుండాలి. మాకు జీపు లేదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక గూడుబండిని మాట్లాడాను. సాయిబుగారికి ఆఫ్రికానుంచి సఫారీ నియమాల పుస్తకం ఒకటి వచ్చిందనీ, అందులో బండి అడవి రంగులో కలిసిపోవాలని రాసుందనీ రేంజరుగారు ముందే చెప్పారు. బండిని అడవి చేసేద్దామని తమలపాకు తోటలకు పోయి, అక్కడ తీగలకు ఊతంగా పెంచే అవిసె చెట్ల కొమ్మలు రెండు మోపులు నరుక్కొచ్చాను. లేత ఆకులు, మంచి పచ్చటి పచ్చ. గూడు మీద, చక్రాల మీద, ఎద్దుల కొమ్ములకు కూడా కట్టాను. దూరంనుంచి చూస్తే బండి కనిపించలేదు, నడిచొచ్చే అవిసె తోపు కనిపించింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

అవిసె ఆకంటే గడ్డి తినే ఏ జీవమైనా ప్రాణం పెడుతుందని నెల్లూరు జిల్లాలో నడక వచ్చిన పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజు గుర్తు రాలేదంతే.

పది గంటలకు కారు దిగారు దంపతులు. సాయిబుగారిని నేను అంతకుముందు బజారులో చూశాను, ఎప్పుడూ మల్లెపూవులాంటి తెల్ల బట్టల్లో, పది గజాల దూరం అత్తరు వాసనతో ఉండే మనిషి. ఇప్పుడు ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, ఖాకీ టోపీ. ఇస్త్రీ మడతలు కత్తుల్లా నిలబడి ఉన్నాయి. అత్తరు లేదు. ఒంటికి ఏ వాసనా పూసుకోకూడదని పుస్తకంలో రాసుందట. పాపం అత్తరు లేకపోయేసరికి ఆయన మొహం ఉపవాసం ఉన్నవాడి మొహంలా ఉంది.

ఆయన భార్య బీబమ్మగారు తెల్ల దుప్పటి కప్పుకుని, చేతిలో పలావు క్యారియరు పట్టుకుని దిగారు. బండిని ఎగాదిగా చూశారు.

"ఏంది నాయనా ఇది? పెండ్లికా, పాడెకా?"

"సఫారీకమ్మా" అన్నాను.

రేంజరుగారు పక్కన నిలబడి కళ్ళతోనే "మొదలుపెట్టు" అన్నారు. గొంతు సవరించుకున్నాను. మూడేళ్ళ అలవాటు ఒక్కసారిగా నా నోట్లోంచి దూకింది.

"పిల్లలూ! అందరూ చేతులు కట్టుకోండి. మాట్లాడకూడదు. రాళ్ళు విసరకూడదు. ఒంటికి పోవాల్సిన వాళ్ళు ఇప్పుడే పోయి రండి, మధ్యలో అడిగితే పంపబడరు."

రేంజరుగారి మొహం పాలిపోయింది. సాయిబుగారు మాత్రం పుస్తకంలోని నియమాలే అనుకున్నారో ఏమో, చేతులు కట్టుకుని, చాలా శ్రద్ధగా, "నేను ఇంటికాణ్ణే పోయొచ్చినా" అని జవాబిచ్చారు. బీబమ్మగారు దుప్పటి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

బండి లోపలికి కదిలింది. నేను పక్కనే నడుస్తున్నాను. సాయిబుగారు పుస్తకం తెరిచి భార్యకు గుసగుసగా చదివి చెబుతున్నారు. బండి దిగరాదు. కదలరాదు. జంతువు కళ్ళలోకి చూడరాదు. అది దగ్గరికి వస్తే ఊపిరి బిగబట్టి బొమ్మలా ఉండాలి.

"ఎంతసేపు?" అని ఆమె అడిగారు.

"అది పొయ్యిందాకా."

"అది పోకపోతే?"

సాయిబుగారు పుస్తకాన్ని చివరి పేజీదాకా తిప్పారు.

వంద గజాలు పోయామో లేదో మొదటి దుప్పి పొదలోంచి బయటికొచ్చింది. పెద్ద కొమ్ముల పోతు. సాయిబుగారు పులకించిపోయి కెమెరా ఎత్తి ఫొటో తీశారు. నా గుండె నిండింది. ఆ వెనక ఇంకో రెండు. ఆ వెనక అయిదు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అన్ని దుప్పుల్ని ఒకేచోట పగలు చూడలేదు నేను. విడవలూరులో బాజాలు మోగుతున్నట్టే అనిపించింది.

ముందు వచ్చిన పోతు మెడ చాచి, చక్రానికి కట్టిన కొమ్మ వాసన చూసి, కరకర నమలడం మొదలుపెట్టింది.

ఆ శబ్దం మిగతావాటికి వినపడినట్టుంది. నాలుగు పక్కలనుంచీ ఒక్కసారిగా బండి మీద పడ్డాయి. ముందుకాళ్ళు నొగల మీద పెట్టి కొన్ని, గూడు మీదికి మెడలు సాచి కొన్ని. కృష్ణజింకలు కిందనుంచి దూరాయి. రెండు నెమళ్ళు గూడెక్కి కూచున్నాయి, అవి ఎందుకొచ్చాయో వాటికే తెలియాలి. ఎద్దుల కొమ్ములకు కట్టిన ఆకుల్ని దుప్పులు లాగుతుంటే ఎద్దులు బెదిరి గిరగిరా తిరిగాయి. ఇంతలో ముసలి పంది గురగుర మంటూ వచ్చేసరికి బండివాడు పగ్గాలు వదిలేసి ఒక్క దూకు దూకి తాటిచెట్టెక్కాడు. ఎద్దులు బండిని ఈడ్చుకుపోయి ఇసుకలో దించేశాయి. చక్రం ఇరుసుదాకా దిగబడిపోయింది.

సాయిబుగారు మాత్రం కదల్లేదు. పుస్తకం చెప్పినట్టు బొమ్మలా ఉన్నారు. ఒక దుప్పి ఆయన ఖాకీ టోపీని ఆకనుకుని అంచు కొరికింది. ఆయన కదల్లేదు. ఇంకొకటి ఆయన ఒళ్ళోంచి నియమాల పుస్తకం లాక్కుని మొదటి పేజీనుంచి తినడం మొదలుపెట్టింది. అప్పుడు కూడా కదల్లేదు గాని, పెదవులు కదపకుండా నన్నడిగారు.

"అబ్బయా, ఇప్పుడేం జెయ్యాల?"

నాకేం తెలుసు? నాకు తెలిసింది ఒక్క పాఠమే. అదే అరిచాను. "పిల్లలూ, తోసుకోవద్దు! వరసలో నిలబడండి!"

ఏ దుప్పీ వరసలో నిలబడలేదు.

అప్పుడు బీబమ్మగారు బండి దిగారు. "దిగొద్దు, దిగొద్దు" అని సాయిబుగారు నోరు తెరవకుండానే మూలుగుతున్నారు. ఆమె లెక్కచెయ్యలేదు. తెల్ల దుప్పటి నడుముకు బిగించి, ఒక పోతు మూతిమీద అరచేత్తో తట్టి పక్కకు తోశారు, పెరట్లో మేకను తోసినట్టు. నాలుగు కొమ్మలు లాగి దూరంగా విసిరారు. సగం మంద అటు పోయింది. మరో నాలుగు ఇంకోవైపు విసిరారు. మిగతా సగం అటు పోయింది. రెండు నిమిషాల్లో బండి చుట్టూ ఖాళీ. ఇదంతా నేను చెట్టు వెనకనుంచి చూశాను. చెట్టు వెనక్కి ఎప్పుడు చేరానో నాకు తెలియదు.

ఆమె అంతటితో ఊరుకోలేదు. ఒక ఆడదుప్పిని పట్టి దాని ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి చూశారు. ఇంకోదాన్ని చూశారు. మూడోదాన్ని చూశారు. ఆమె పుట్టింటివాళ్ళు తరతరాలుగా మేకల మందలు పెంచినవాళ్ళని నాకు తర్వాత తెలిసింది.

"డొక్కలు లోపలికి పొయ్యుండాయే! ఈటికి మేత పెట్టి ఎంతసేపయింది?"

రేంజరుగారు పరుగెత్తుకుంటూ వచ్చింది సరిగ్గా అప్పుడే. ఆయన వెనకే, గొడవ విని కంచె దాటి వచ్చిన పెద్దాయన, కండువా ఇంకా చేతిలోనే ఉంది.

"మేత ఎవురు ఆపినారు?" అని బీబమ్మగారు మళ్ళీ అడిగారు.

రేంజరుగారు క్షణం ఆలస్యం చెయ్యలేదు. పెద్దాయన వైపు వేలు చూపించారు. "ఇంకెవురమ్మా, వీడే! తాగి పడుకోనుంటాడు. ఏరా, పొద్దున మేత పెట్టలేదంట్రా? రేపట్నుంచి ఇక్కడికి రావొద్దు నువ్వు!"

పెద్దాయన జీవితంలో చుక్క ముట్టని మనిషి. నావైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. "పైవాళ్ళ ఆర్డరు" అని నేను చెప్పాను గదా, ఆ పైవాళ్ళే ఎదుట నిలబడి తిడుతుంటే ఆయనకు ఏమి అర్థమై ఉంటుంది? అయినా నోరు విప్పలేదు. నేను విప్పాలి. విప్పలేదు. నా కళ్ళ ముందు పర్మనెంటు కాయితం కనిపిస్తోంది. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు, అది నాదే. ఆయనకు ఇంకెక్కడైనా కూలీ దొరక్కపోతుందా అని కూడా అనుకున్నాను. అవును, అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత దాచుకుని ఏం లాభం?

ఇంతలో ఒక ఆడదుప్పి, ఇందాక డొక్క చూపించుకున్నదే, అవిసె ఆకులు వదిలేసి పెద్దాయన దగ్గరికి నడిచొచ్చింది. ఆయన చంకలో మూతి దూర్చి, పంచె మడతలో ఏమన్నా ఉందేమోనని వెతికింది. ఏమీ లేదు. అయినా పోలేదు, అక్కడే తల ఆనించి నిలబడింది. ఆయన దాని చెవి వెనక గోకుతూ, "లేదమ్మా, నా కాడ లేదు" అన్నాడు మెల్లగా.

బీబమ్మగారు అదంతా చూశారు. తర్వాత చెట్టు పక్కనున్న నన్ను చూశారు.

"రేంజరుగారూ, మీరు కాసేపు ఊరకుండండి. కడుపు మాడ్చినోడి కాడికి ఏ జీవమూ అట్టా పోదు." నావైపు రెండడుగులు వేశారు. "ఏం నాయనా, నువ్వు చెప్తావా, దుప్పి చేత చెప్పించమంటావా?"

"నేనేనమ్మా" అన్నాను. "రెండు పూటలు ఆపించాను. ఆయన వద్దన్నాడు. పైవాళ్ళ ఆర్డరని అబద్ధం చెప్పాను."

గొప్పగా ఒప్పుకున్నానని అనుకోకండి. పట్టుబడ్డాక చెప్పినదాన్ని ఒప్పుకోవడం అనరు. ఆ దుప్పి రాకపోయి ఉంటే నేను చెప్పి ఉండేవాణ్ణా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. జవాబు ఇప్పటికీ నాకు నచ్చదు.

పెద్దాయన ఒక్కసారే గట్టిగా దగ్గాడు. విసిరేసిన ఆకులన్నీ వదిలేసి మంద మొత్తం ఆయన చుట్టూ చేరింది. ఆయన తవుడు గదివైపు పరుగెత్తాడు, మంద ఆయన వెంట పరుగెత్తింది. బండిలోనే ఉన్న సాయిబుగారు అప్పుడు మొదటిసారి కదిలి, సగం మిగిలిన టోపీ తీసి, దిగవచ్చునా అని భార్యను అడిగి, దిగారు.

"అబ్బయా, ఒక మాట అడుగుతా. ఆఫ్రికాలో సింహాల్ని గూడా ఇట్టానే రెండు పూటలు మాడ్చి చూపిస్తారా?"

"తెలీదు సాయిబుగారూ."

"అట్టయితే నేను మొంబాసా రేవులో ఓడకాణ్ణే కూచుంటా" అన్నారు. ఆ తర్వాత ఆయనకు నవ్వొచ్చింది. ఇసుకలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తాటిచెట్టు మీదున్న బండివాడు కూడా నవ్వాడు. రేంజరుగారు నవ్వాలో కూడదో తెలియక మధ్యరకంగా మొహం పెట్టారు.

పోతూ పోతూ సాయిబుగారు సందర్శకుల పుస్తకంలో రాసిన మాటలు ఇవి: "మేము జంతువులను చూచుటకు వచ్చితిమి. అవియే మమ్ములను సంపూర్ణముగా చూచినవి." కింద సంతకం. నా గురించి ఒక్క ముక్క లేదు. అమ్మయ్య అనుకున్నాను. ఆయన నా సంగతి తేల్చేది అక్కడ కాదని నాకు అప్పుడు తెలియదు.

నెల తిరక్కముందే సంఘం కూచుంది. రేంజరుగారే తర్వాత నాకు చెప్పారు. పర్మనెంటు పోస్టుకు సాయిబుగారు పెద్దాయన పేరు చెప్పారట. "అతను వేలిముద్ర మనిషండీ" అని రేంజరుగారు అంటే, "వేలిముద్ర ఏసే చెయ్యే గదా సామీ మేత పెడతా ఉండేది? సంతకం పెట్టే చెయ్యి మాడ్చిందిగా" అన్నారట. దాంతో పోస్టు పెద్దాయనకే ఖాయమైంది.

ఆ దంపతులు ఆఫ్రికా పోయొచ్చారు. సింహాల్ని చూశారట. సాయిబుగారు ఈసారి అత్తరు రాసుకునే పోయారట. బీబమ్మగారు మాత్రం సింహం కనిపించగానే, "ముందు అది తినిందో లేదో కనుక్కోండి" అని జీపు డ్రైవర్ని పట్టుకున్నారట. ఆమెకూ ఆ డ్రైవరుకూ ఒకరి భాష ఒకరికి రాదు. కాని అతను కడుపు మీద చెయ్యి రాసి తల ఊపేదాకా ఆమె జీపును ముందుకు కదలనివ్వలేదట.

విడవలూరు కబురు పంపించాను. పిల్ల తండ్రి మర్యాదగా, "అయితే మూర్తం గూడా టెంపరరీగా ఆపుదాంలే" అని జవాబు పంపాడు. నాకూ ఆ కాయితం వచ్చేదాకా, రెండేళ్ళు ఆగింది. ఆ రెండేళ్ళు ఆ అమ్మాయి నాకోసం ఆగింది. ఎందుకాగిందో ఆమె ఇప్పటికీ చెప్పదు, దుప్పుల కథ మాత్రం వచ్చినవాళ్ళందరికీ నాకంటే బాగా చెబుతుంది.

పెద్దాయన పోస్టు ఆర్డరు సంఘం కూచున్న కొన్నాళ్ళకే ఒక సాయంత్రం తపాలాలో వచ్చింది. పెద్దాయనకు చదువు రాదు గదా, చదివి వినిపించాల్సింది నేనే. చదివాను. ఆయన పేరు, తండ్రి పేరు, ఇన్‌ఛార్జి వాచరు అన్న మాట, కింద పెద్ద సంతకం.  ఆయన కాయితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ నాకే ఇచ్చాడు.

"అయితే నీ సంగతి ఏందబ్బయా?"

"టెంపరరీనే. నీ కింద... మీ కింద" అన్నాను. ఆయన్ని "మీరు" అనడం అదే మొదలు. నాలుక తిరగడానికి కాస్త కష్టపడింది.

 ఆయన పోయి తవుడు గది తలుపు వేసి, ఇంటికి పోయాడు. ఆ రాత్రంతా తెల్లవారితే ఆయన నాతో ఏ పని చేయిస్తాడో, ఏ మాట అంటాడోనని ఆలోచించాను. ఏమన్నా పడాలనే నిర్ణయించుకున్నాను. పేడ ఎత్తమన్నా ఎత్తాలి. పో అన్నా పోవాలి. ఇంకా వెలుతురు పూర్తిగా రాకముందే లేచి, మొహం కడుక్కుని, ఏమీ ముట్టకుండానే దొడ్డి దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. తవుడు బుట్ట రెండు చేతులా ఎత్తి నా నెత్తిన పెట్టబోయి, ఆగి, నా మొహంలోకి చూశాడు.

"తిన్నావా?"

"ఇంకా లేదు."

బుట్ట మళ్ళీ కింద పెట్టాడు. "పోయి తిని రా అబ్బయా. ఆకలిమీదుండే మనిషిని నేను జీవాల కాడికి రానియ్యను."